చేత్తో కట్టిన ట్యూబ్ గిటార్ ఆంప్: ఎలా ఎంచుకోవాలి, ఎలా కట్టాలి

గిటార్ వాయించేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "చేత్తో కట్టిన ట్యూబ్ ఆంప్ తీసుకుందామనుకుంటున్నా, ఏది మంచిది?" ఆ వెంటనే ఇంకోటి: "అసలు నేనే కట్టుకోవచ్చా?" రెండింటికీ కలిపే జవాబు రాస్తున్నాను. ట్యూబ్ ఆంప్ అంటే గాజు ట్యూబులతో (వాల్వులనేవీ ఇవే) గిటార్ సౌండ్‌ను పెంచే ఆంప్లిఫయర్. లోపల ఏముందో కాస్త తెలిస్తేనే సరైనది ఎంచుకోగలరు. ఎంచుకోవడం వచ్చాక కట్టడం కూడా అంత దూరంలో ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచి సౌండ్ ఇచ్చే ఆంప్‌లు ఫ్యాక్టరీల నుంచి కూడా బోలెడు వస్తున్నాయి. చేత్తో కట్టినదానికి ఎక్కువ డబ్బు పెట్టడానికి గట్టి కారణం రిపేరు. పదిహేనేళ్ల తర్వాత కూడా తెలిసిన మెకానిక్ ఎవరైనా దాన్ని తెరిచి, తీగ వెంట తీగ చూసుకుంటూ వెళ్లి, పాడైన ఒక్క భాగాన్ని మార్చి మీ చేతిలో పెట్టగలగాలి. ఆ వీలు లేనిదాన్ని చేత్తో కట్టినా, మెషీన్‌తో కట్టినా అంత ధర పెట్టి కొనకండి.

ఇంకో మాట. ట్యూబ్ ఆంప్ లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆ కరెంటు నిలిచి ఉంటుంది. అది ప్రాణం తీయగలదు. కింద ఎక్కడ హెచ్చరిక కనిపించినా దాన్ని దాటి ముందుకు వెళ్లకండి. మల్టీమీటర్ ఎప్పుడూ పట్టుకోనివాళ్లు ముందు 9 వోల్టుల బ్యాటరీతో నడిచే పెడల్ (గిటార్ సౌండ్‌ను మార్చే చిన్న పెట్టె) ఒకటి కట్టి చేయి అలవాటు చేసుకోండి, ఆ తర్వాత ఆంప్ జోలికి రండి.

మొదటి భాగం: ఎంచుకోవడం

1. ముందు వాట్లు తేల్చుకోండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా వినిపించాలంటే పవర్ దాదాపు పదింతలు కావాలి. అంటే 15 వాట్ల ఆంప్‌కూ 30 వాట్ల ఆంప్‌కూ సౌండ్‌లో తేడా మీరు ఊహించినంత ఉండదు. అపార్ట్‌మెంట్‌లో, ఇంట్లో రికార్డింగ్‌కు 5 వాట్లు చాలు. దాన్నే ఫుల్‌గా తిప్పితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. డ్రమ్స్‌తో కలిసి వాయించేవాళ్లకు 12 నుంచి 20 వాట్లు సరిపోతాయి. పెద్ద స్టేజీ మీద కూడా క్లీన్ టోన్ అస్సలు చిట్లకూడదు, అంటే గరగరలాడకూడదు అనుకుంటేనే 40 వాట్ల వైపు వెళ్లండి. ట్యూబ్ ఆంప్‌ను కాస్త కష్టపెట్టినప్పుడే దాని గుణం బయటికొస్తుంది. 40 వాట్లది కొని నాబ్ ఒకటి దాటించలేకపోతే డబ్బు వృథా.

2. ఏ కుటుంబమో చూడండి. చేత్తో కట్టేవాళ్లలో ఎక్కువమంది పాత సర్క్యూట్లనే ఆధారం చేసుకుంటారు. వాటి పేర్లు చదవడం వస్తే సగం పని అయినట్టే. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఫెండర్ కంపెనీ 1950లలో చేసిన ఆంప్‌లను ట్వీడ్ ఆంప్‌లంటారు. 5ఎఫ్1, 5ఈ3 లాంటి కోడ్‌లు వాటివే. మొదటి 5 అంటే యాభైల దశకం, మధ్య అక్షరం సర్క్యూట్ ఎన్నో సవరణో చెబుతుంది, చివరి అంకె మోడల్. 5ఎఫ్1 అంటే చాంప్: ఒకే 6వి6 పవర్ ట్యూబ్ (స్పీకర్‌ను నడిపే చివరి ట్యూబ్), 5 వాట్లు. 5ఈ3 అంటే డీలక్స్: రెండు 6వి6 ట్యూబులు, 12 వాట్ల పైచిలుకు. నాబ్ తిప్పేకొద్దీ ముద్దగా, ముతకగా చిట్లడం వీటి స్వభావం. 5ఎఫ్6-ఏ బాస్‌మన్ ఇంకా పెద్దది. దాన్ని చూసే 1962లో లండన్‌లో మార్షల్ వాళ్లు జేటీఎం45 కట్టారు. బ్రిటిష్ రాక్ సౌండ్ కావాలంటే ఆ దారి. ఈఎల్84 ట్యూబులతో వచ్చే వోక్స్ ఏసీ15, ఏసీ30 తరహా ఆంప్‌లలో పైస్థాయి మెరుపు ఎక్కువ. పెడల్స్ మీద ఆధారపడి వాయించేవాళ్లు క్లీన్‌గా ఎక్కువసేపు నిలిచే ఆంప్ తీసుకోండి. 5ఈ3కి నాలుగు పెడల్స్ తగిలిస్తే బురదే వినిపిస్తుంది.

3. కరెంటు సంగతి తేల్చుకోండి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అమెరికాలో ఉన్న మన వాళ్లెవరైనా తెచ్చిస్తామంటే ఆంప్ వెనక రాసింది ఫొటో తీసి పంపమనండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే 230 వోల్టులను 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది పెట్టినా, 60 హెర్ట్జ్‌కే చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది, గంటలకొద్దీ వాయిస్తే మాడిపోనూవచ్చు. ఇంకో ప్రమాదం చాలామంది గమనించరు: బజారులో దొరికే స్టెప్‌డౌన్‌లలో కొన్నింటి అవుట్‌లెట్‌కు ఎర్త్ ఉండదు. మూడు పిన్నుల ఆంప్‌ను దానికి పెడితే ఎర్త్ తెగిపోయినట్టే. కట్టేవాళ్లను అడిగి 230 లేదా 240 వోల్టుల ప్రైమరీ (మెయిన్స్ కరెంటు వచ్చే చుట్ట) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ వేయించుకోవడమే అన్నింటికంటే మేలు.

4. లోపలి ఫొటో అడగండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. ఫొటోలో చూడాల్సినవి ఇవి. భాగాలు గట్టి ఫైబర్ బోర్డు మీద, లోహపు మేకులకో రింగులకో సోల్డర్ చేసి ఉండాలి. మేకులుంటే టరెట్ బోర్డు, రింగులుంటే ఐలెట్ బోర్డు. పాత ఫెండర్లవి ఐలెట్ బోర్డులు. రెండూ మంచివే. ట్యూబ్ సాకెట్లు, జాక్‌లు (కేబుల్ గుచ్చే చోట్లు), పాట్‌లు (నాబ్ వెనకుండే భాగాలు) చాసిస్‌కే, అంటే ఆంప్ లోహపు పెట్టెకే, బిగించి ఉండాలి. హీటర్ తీగలు (ట్యూబులను వేడిచేసేవి) జతగా మెలిపెట్టి ఉండాలి. ఇన్‌పుట్ జాక్ నుంచి మొదటి ట్యూబ్‌కు వెళ్లే తీగ పొట్టిగా గానీ, షీల్డ్ తీగగా (చుట్టూ లోహపు జాలీ ఉన్నది) గానీ ఉండాలి. పవర్ కార్డు ఎర్త్ తీగకు సొంత బోల్టు ఉండాలి. తీగలు గీత గీసినట్టు తొంభై డిగ్రీల మలుపులతో అందంగా ఉన్నంత మాత్రాన మురిసిపోకండి. ట్యూబ్ నుంచి పెరిగిన సిగ్నల్ తెచ్చే ప్లేట్ తీగా, ట్యూబ్‌లోకి సిగ్నల్ తీసుకెళ్లే గ్రిడ్ తీగా పక్కపక్కనే సమాంతరంగా వెళ్తుంటే ఆ అందమే కూత పెట్టిస్తుంది.

పీసీబీ (రాగి ట్రాక్‌లు అచ్చేసిన సర్క్యూట్ బోర్డు) అంటేనే చెత్త అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. మందపాటి బోర్డు మీద, సాకెట్లు విడిగా చాసిస్‌కు బిగించి కట్టిన పీసీబీ ఆంప్ దశాబ్దాలు నడుస్తుంది. పలచని బోర్డుకు పవర్ ట్యూబ్ సాకెట్‌ను నేరుగా సోల్డర్ చేస్తేనే తంటా. ఆ వేడికి బోర్డు నల్లబడుతుంది, ట్రాక్‌లు లేచిపోతాయి, ట్యూబ్ మార్చిన ప్రతిసారీ బోర్డు వంగుతుంది.

5. కట్టినవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగండి. సర్క్యూట్ డయాగ్రం ఇస్తారా? ట్రాన్స్‌ఫార్మర్లు ఎవరివి, మళ్లీ దొరుకుతాయా? బయాస్ (వాయించనప్పుడు పవర్ ట్యూబ్‌లో ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది) క్యాథోడ్ బయాసా, ఫిక్స్‌డ్ బయాసా? పాడైతే ఎవరు చూస్తారు, పంపే ఖర్చు ఎవరిది? మొదటి ప్రశ్నకు "అది మా రహస్యం" అని జవాబు వస్తే నేనైతే కొనను. క్యాథోడ్ బయాస్ అయితే ట్యూబ్ మార్చినప్పుడల్లా అడ్జస్ట్‌మెంట్ అక్కర్లేదు. ఊళ్లో మెకానిక్ లేనివాళ్లకు అది పెద్ద ఊరట.

6. వాయించి చూసే అవకాశం ఉంటే ఇలా చూడండి. ముందు గిటార్ తగిలించకుండా వాల్యూమ్ సున్నాలో పెట్టి వినండి. సన్నటి హమ్ ఉండొచ్చు, గది మధ్యలోకి వినిపించకూడదు. తర్వాత గిటార్ తగిలించి, గిటార్ వాల్యూమ్ సున్నా చేసి, ఆంప్ వాల్యూమ్ మెల్లగా చివరిదాకా తిప్పండి. సుయ్యిమనే శబ్దం పెరగడం మామూలే. కూత, చిటపటలు, మోటారు బండిలా టకటకలు వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే. తర్వాత లావు తీగ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫ్రెట్ మెల్లగా వాయిస్తూ వెళ్లండి. ఏదో ఒక్క స్వరం దగ్గరే క్యాబినెట్ గిలగిలలాడితే స్క్రూ వదులైందో, ట్యూబ్ ఆ అదురును మైక్‌లా పట్టుకుంటోందో అన్నమాట. కనీసం అరగంట ఆన్‌లో ఉంచండి. చాలా లోపాలు వేడెక్కాకే బయటపడతాయి.

స్పీకర్ గురించి ఒక్క మాట. 5 వాట్ల ఆంప్‌ను 8 అంగుళాల స్పీకర్‌తో విని "డబ్బాలా ఉంది" అని పక్కన పెట్టేస్తుంటారు. అదే ఆంప్‌ను, ఆంప్ మీద, స్పీకర్ మీద రాసిన ఓమ్‌లు ఒకటేనని సరిచూసుకుని, 12 అంగుళాల స్పీకర్ క్యాబినెట్‌కు తగిలించి వినండి. ఆ తర్వాతే నిర్ణయానికి రండి.

రెండో భాగం: కట్టడానికి కావలసినవి

ఉదాహరణకు 5ఎఫ్1 చాంప్ తీసుకుంటున్నాను. మొదటిసారి కట్టేవాళ్లకు ఇంతకంటే మంచి సర్క్యూట్ నాకు తెలియదు. మూడే ట్యూబులు, ఒకే నాబ్, తప్పు జరిగితే వెతకాల్సిన చోట్లు తక్కువ.

ట్యూబులు: 12ఏఎక్స్7 ఒకటి, 6వి6 ఒకటి, 5వై3 రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది) ఒకటి. కొత్త ట్యూబులు ఇప్పుడు ఎక్కువగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. ఒకప్పుడు మన దేశంలోనే బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు చేసేది. పాత రేడియో మెకానిక్‌ల దగ్గర బీఈఎల్ ఈఎల్84, ఈసీసీ83 ఇంకా కనిపిస్తుంటాయి. ఈసీసీ83, 12ఏఎక్స్7 ఒకటే. దొరికితే టెస్ట్ చేయించి వాడుకోండి.

విడిభాగాలు: రెసిస్టర్లు, కెపాసిటర్లు, తీగ, ఫ్యూజ్ హోల్డర్, పవర్ కార్డు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్‌లో దొరుకుతాయి. కెపాసిటర్ కొనేటప్పుడు వోల్టేజీ చూసుకోండి: కప్లింగ్‌వి (ఒక దశ నుంచి ఇంకో దశకు సిగ్నల్ పంపేవి) 400 వోల్టులు లేదా 600, ఫిల్టర్‌వి (డీసీని నిలకడగా ఉంచేవి) 500 వోల్టులు. 25 వోల్టుల కెపాసిటర్ క్యాథోడ్ (ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు బయల్దేరే భాగం) దగ్గర తప్ప ఎక్కడా పనికిరాదు. 6వి6 దగ్గర అదీ 50 వోల్టులది వేయడం మేలు. తీగ 600 వోల్టుల ఇన్సులేషన్ ఉన్నదే తీసుకోండి.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వైండింగ్ షాపులో చుట్టించుకోవచ్చు. ఇలా రాసివ్వండి: ప్రైమరీ 230 వోల్టులు, 50 హెర్ట్జ్, సెకండరీ 325-0-325, 80 మిల్లీఆంపియర్లు, 6.3 వోల్టులు 2 ఆంపియర్లు, మధ్య ట్యాప్‌తో (చుట్ట మధ్యలోంచి తీసిన తీగ). 5 వోల్టులు 2 ఆంపియర్లు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (పవర్ ట్యూబ్‌ను స్పీకర్‌కు కలిపేది) మాత్రం ఆంప్‌ల కోసం చేసినదే కొనండి. 5ఎఫ్1 సింగిల్ ఎండెడ్, అంటే ఒకే పవర్ ట్యూబ్ నుంచి డీసీ ఎప్పుడూ ఒకే దిశలో పారుతుంది. అందుకని కోర్‌లో (చుట్టల మధ్యనుండే ఇనుములో) గ్యాప్ ఉండాలి. పుష్-పుల్ ఆంప్‌ది (పవర్ ట్యూబులు జతగా పనిచేసేది) తెచ్చి పెడితే కోర్ నిండిపోయి సౌండ్ పీలగా, చిరిగినట్టు వస్తుంది.

పనిముట్లు: 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, రోజిన్ ఉన్న 60/40 సోల్డరింగ్ లెడ్, 1000 వోల్టుల డీసీ చూపించే నాణ్యమైన మల్టీమీటర్, మొసలి క్లిప్పులు, ఒక పొడవాటి ఎండు చెక్కపుల్ల. పైపుల పనికి వాడే ఫ్లక్స్ పేస్ట్ దగ్గరికి రానివ్వకండి. అందులోని యాసిడ్ నెలల్లో కీళ్లను తినేస్తుంది.

సిరీస్ బల్బు బోర్డు: ఇది తప్పనిసరి. ఎలక్ట్రీషియన్లు వాడేదే. హోల్డర్‌లో 60 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు, దాంతో సిరీస్‌లో ఒక త్రీపిన్ సాకెట్. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఆంప్‌లో షార్ట్ ఉంటే బల్బు ఫుల్‌గా వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది.

పాత వాల్వు రేడియో ఒకటి ఉంది, దాన్నే ఆంప్ చేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రేడియో అయితే తెలిసినవాళ్లతో చేయించుకోవచ్చు. ట్యూబుల పేర్లు యూసీఎల్82, యూఎల్84 లాగా యూతో మొదలైతే అది ఏసీ/డీసీ సెట్. అందులో మెయిన్స్ కరెంటు నేరుగా చాసిస్‌కే వస్తుంది. దానికి గిటార్ తగిలిస్తే తీగలు పట్టుకున్న చేతికే కరెంటు. ముట్టుకోకండి.

మూడో భాగం: కట్టే వరుస

1. ముందు ఇనుప పని పూర్తి చేయండి. సాకెట్లు, జాక్‌లు, పాట్, ట్రాన్స్‌ఫార్మర్లు బిగించండి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్ జాక్‌కు దూరంగా ఉండాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ దానికి అడ్డంగా, తొంభై డిగ్రీలలో ఉండాలి. సమాంతరంగా పెడితే వచ్చే హమ్ ఏ ఫిల్టర్‌తోనూ పోదు.

2. మెయిన్స్ తీగలు. గోధుమరంగు ఫేజ్ ముందు ఫ్యూజ్‌కు, అక్కడి నుంచి స్విచ్‌కు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌కు. నీలం న్యూట్రల్. పచ్చ-పసుపు ఎర్త్ తీగను పంటి వాషర్‌తో చాసిస్‌కు విడి బోల్టు మీద బిగించండి. మిగతా రెండింటి కంటే దీన్ని పొడవుగా వదలండి. ఎవరైనా కార్డు లాగేసినా చివరగా తెగాల్సింది ఇదే. అమెరికా లేఔట్‌లో (ఏ భాగం ఎక్కడో చూపే బొమ్మలో) 2 ఆంపియర్ల ఫ్యూజ్ రాసి ఉంటే 230 వోల్టులకు 1 ఆంపియర్ స్లో-బ్లో (కాస్త ఆగి కొట్టే ఫ్యూజ్) వేయాలి.

3. హీటర్ తీగలు. బోర్డు పెట్టకముందే వేయండి, తర్వాత చేయి దూరదు. రెండు తీగలూ గట్టిగా మెలిపెట్టి చాసిస్ మూలకు నొక్కి తీసుకెళ్లండి. 6వి6కు 2, 7 పిన్నులు. 12ఏఎక్స్7కు 4, 5 కలిపి ఒకవైపు, 9 రెండోవైపు. 5వై3కి విడిగా 5 వోల్టుల తీగలు, 2, 8 పిన్నులకు. దాని 4, 6 పిన్నులకు 325 వోల్టుల తీగలు. 6.3 వోల్టుల మధ్య ట్యాప్‌ను ఎర్త్ చేయండి. ట్యాప్ లేకపోతే ఒక్కో తీగ నుంచి చాసిస్‌కు 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కోటి వేస్తే అదే పని జరుగుతుంది. సాకెట్ పిన్నులు కింద నుంచి చూస్తూ, గాడి లేదా ఖాళీ దగ్గర నుంచి గడియారం దిశలో లెక్కపెట్టాలి. పైనుంచి లెక్కపెట్టి తలకిందులు చేసేవాళ్లు ఎందరో.

4. బోర్డు. ప్రతి రెసిస్టర్‌నూ సోల్డర్ చేయకముందే మీటర్‌తో కొలవండి. రంగులు చూసి పెట్టేయకండి. ఈ సర్క్యూట్‌లో 22కే, 220కే (కే అంటే వెయ్యి ఓమ్‌లు) రెండూ ఉన్నాయి. ఎరుపు-ఎరుపు-నారింజ ఒకటి, ఎరుపు-ఎరుపు-పసుపు ఇంకోటి. ట్యూబ్‌లైట్ వెలుతురులో, నీలం ఒంటి రెసిస్టర్ల మీద అవి ఒకేలా కనిపిస్తాయి. 6వి6 గ్రిడ్ దగ్గర 220కే బదులు 22కే పడితే ఆంప్ పనిచేస్తుంది గానీ సౌండ్ నీరసంగా ఉంటుంది. తప్పెక్కడో తెలియక ట్యూబులు మారుస్తూ కూర్చుంటారు. అలాగే క్యాథోడ్ దగ్గర 470 ఓమ్‌ల చోట 470కే పెడితే అస్సలు పలకదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ప్లస్, మైనస్ రెండుసార్లు చూడండి. ఫిల్టర్ కెపాసిటర్ తలకిందులైతే పేలుతుంది.

సోల్డర్ చేసేటప్పుడు ముందు తీగను మేకుకు చుట్టి బిగించండి, తర్వాత కీలును వేడిచేసి దాని మీద లెడ్ కరిగించండి. ఐరన్ మీద లెడ్ కరిగించి తెచ్చి పూస్తే కోల్డ్ జాయింటే (సరిగ్గా అతకని కీలు) వస్తుంది. మంచి కీలు మెరుస్తుంది, లోపలి తీగ ఆకారం పైకి తెలుస్తుంది. బూడిదరంగు ఉండలా కనిపిస్తే మళ్లీ వేడి చేయండి.

5. బోర్డు నుంచి సాకెట్లకు. గ్రిడ్ తీగలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ప్లేట్ తీగలను వాటికి దూరంగా పంపండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. ఇన్‌పుట్‌కు షీల్డ్ తీగ వాడితే షీల్డ్‌ను ఒక్క చివరే ఎర్త్ చేయండి.

6. గ్రౌండ్‌లు. పవర్ వైపు గ్రౌండ్‌లన్నీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక బోల్టుకు, మొదటి ట్యూబ్ గ్రౌండ్‌లు ఇన్‌పుట్ జాక్ దగ్గర. మెయిన్స్ ఎర్త్ బోల్టును ఈ రెండింటికీ వాడకండి. ఇంతకుమించి సిద్ధాంతం ఇక్కడ అక్కర్లేదు.

నాలుగో భాగం: మొదటిసారి ఆన్ చేయడం

ముందు గోడ సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో చూడండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎర్త్ లేని ఇంట్లో ట్యూబ్ ఆంప్ వాడొద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ చేయించాకే మొదలుపెట్టండి.

1. ట్యూబులు లేకుండా, ప్లగ్ పెట్టకుండా ఓమ్‌లలో కొలవండి. గ్రౌండ్ అనుకున్న ప్రతి చోటు నుంచి ప్లగ్ ఎర్త్ పిన్నుకు ఒక ఓమ్ లోపు రావాలి. మొదటి ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్ నుంచి చాసిస్‌కు పెడితే అంకె పెరుగుతూ పోవాలి. సున్నా దగ్గరే ఆగితే షార్ట్ ఉన్నట్టు. అది దొరికేదాకా ప్లగ్ పెట్టొద్దు.

2. ట్యూబులు లేకుండానే సిరీస్ బల్బు బోర్డు మీద ఆన్ చేయండి. బల్బు ఒక్క క్షణం మెరిసి దాదాపు ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే ఆపేయండి. ఏసీ వోల్టేజీలు కొలవండి: హీటర్ దగ్గర 6.3 కంటే కాస్త ఎక్కువ రావచ్చు, 5వై3 సాకెట్ 4, 6 పిన్నుల నుంచి చాసిస్‌కు రెండువైపులా సమానంగా రావాలి. నల్ల ప్రోబ్‌ను క్లిప్‌తో చాసిస్‌కు తగిలించేసి, ఎర్ర ప్రోబ్‌ను ఒక్క చేత్తోనే పట్టుకోండి. రెండో చేయి జేబులో ఉండాలి. ఇది అలవాటయ్యేదాకా పక్కన ఇంకో మనిషిని ఉంచుకోండి.

3. ఆపేసి, ప్లగ్ తీసేసి, స్పీకర్ తగిలించండి. స్పీకర్ లేకుండా ట్యూబ్ ఆంప్ ఎప్పుడూ ఆన్ చేయకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా పెరిగి వైండింగ్ లోపలే స్పార్క్ వస్తుంది. స్పీకర్ ఓమ్‌లు ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసినవే కావాలి. ఇప్పుడు మూడు ట్యూబులూ ఒకేసారి పెట్టండి. రెక్టిఫయర్ ఒక్కటే పెట్టి చూద్దామనుకోవద్దు. లోడ్ లేకపోతే 325 వోల్టుల ఏసీ దాదాపు 460 వోల్టుల డీసీ అయి కూర్చుంటుంది, తక్కువ రకం కెపాసిటర్లు తట్టుకోలేవు.

4. బల్బు బోర్డు మీదే ఆన్ చేయండి. బల్బు మసకగా వెలుగుతుంది, ఆంప్ సన్నగా పలుకుతుంది. పొగ, వాసన, 6వి6 ప్లేట్ ఎర్రబడటం లేకపోతే ఆపేసి, ఈసారి నేరుగా సాకెట్‌కు పెట్టండి.

5. డీసీ వోల్టేజీలు కొలిచి రాసుకోండి. ఇంచుమించు ఇలా రావాలి: 6వి6 ప్లేట్, 3వ పిన్ను, 300 నుంచి 350. స్క్రీన్, 4వ పిన్ను, దానికి కొద్దిగా తక్కువ. క్యాథోడ్, 8వ పిన్ను, 17 నుంచి 21. 12ఏఎక్స్7 ప్లేట్లు, 1, 6 పిన్నులు, 150 నుంచి 200. క్యాథోడ్‌లు, 3, 8 పిన్నులు, 1 నుంచి 2. హీటర్ ఏసీ 5.7కూ 6.9కూ మధ్య ఉండాలి. మన ఇళ్లలో కరెంటు ఒక్కోసారి 245 దాకా వెళ్తుంది కాబట్టి అదే సమయంలో మెయిన్స్ కూడా కొలిచి పక్కన రాయండి.

6. బయాస్ లెక్క. క్యాథోడ్ వోల్టేజీని 470తో భాగించండి. 19 వోల్టులు వస్తే 40 మిల్లీఆంపియర్లు. అందులో రెండు మూడు స్క్రీన్‌వి, ప్లేట్‌వి 38 అనుకోండి. ప్లేట్‌కూ క్యాథోడ్‌కూ మధ్య వోల్టేజీ, అంటే 335 లోంచి 19 తీసేస్తే 316. దాన్ని 0.038తో గుణిస్తే 12 వాట్లు. 6వి6కు పాత లెక్కలో 12 వాట్లు, తర్వాతి లెక్కలో 14 వాట్లు పరిమితి. 14 దాటితే 470 తీసి 560 లేదా 680 ఓమ్‌లు వేయండి. 2 లేదా 3 వాట్ల రెసిస్టర్ అయితే చల్లగా ఉంటుంది.

7. లోపల చేయి పెట్టే ప్రతిసారీ ప్లగ్ తీసి, 10కే 5 వాట్ల రెసిస్టర్‌ను క్లిప్పుతో ఒక చివర చాసిస్‌కు, రెండో చివర ఇన్సులేషన్ ఉన్న పుల్లతో ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్‌కు పది సెకన్లు తాకించండి. తర్వాత మీటర్‌తో కొలవండి. 10 వోల్టుల లోపుంటేనే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం చూసి నేర్చుకోకండి.

తేడా వస్తే

ఆన్ చేయగానే పెద్ద కూత, వాల్యూమ్ తగ్గించినా ఆగదు: ఫీడ్‌బ్యాక్ తిరగబడింది. స్పీకర్ నుంచి రెండో దశ (12ఏఎక్స్7లో రెండో సగం) క్యాథోడ్‌కు 22కే రెసిస్టర్ మీదుగా వచ్చే తీగ అది. ఆపి, డిశ్చార్జ్ చేసి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ తీగలు రెండూ అటుదిటు మార్చండి. ఇది భయపెడుతుంది గానీ చాలా చిన్న పని.

హమ్: ముందు అది ఏ హమ్మో తెలుసుకోండి. లావు తీగ మీద మూడో ఫ్రెట్ వాయించండి. ఆ జీ స్వరం 98 హెర్ట్జ్. హమ్ దాదాపు దానితో కలిస్తే అది 100 హెర్ట్జ్, అంటే ఫిల్టర్ కెపాసిటర్లు లేదా పవర్ గ్రౌండ్ సంగతి. దానికి ఒక స్థాయి కింద వినిపిస్తే 50 హెర్ట్జ్, అంటే హీటర్ తీగలు లేదా ఇన్‌పుట్ వైపు గ్రౌండ్. గిటార్ పట్టుకుని తిరిగినప్పుడు మారే శబ్దం ఆంప్‌ది కాదు, పికప్‌ది.

చిటపటలు, మధ్యలో ఆగిపోవడం: ఆన్‌లో ఉండగా ఎండు చెక్కపుల్లతో ఒక్కో కీలునూ, తీగనూ మెల్లగా కదపండి. చప్పుడు వచ్చిన చోటే కోల్డ్ జాయింట్. చేత్తో మాత్రం కదపొద్దు. ట్యూబ్‌ను అదే పుల్లతో తడితే గంటలా మోగితే ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్, మార్చండి.

అస్సలు శబ్దం లేదు: ట్యూబుల హీటర్లు వెలుగుతున్నాయా, పైన రాసిన వోల్టేజీల్లో ఏది లేదు, ఆ వరుసలో చూడండి. క్యాథోడ్ వోల్టేజీ సున్నా అయితే ఆ ట్యూబ్‌లో కరెంటు పారడం లేదు. 12ఏఎక్స్7 ప్లేట్ వోల్టేజీ సప్లైతో సమానంగా ఉన్నా అదే అర్థం.

ఫ్యూజ్ కొడుతోంది: పెద్ద ఫ్యూజ్ వేయకండి. రెక్టిఫయర్ ట్యూబ్ తీసి బల్బు బోర్డు మీద చూడండి. బల్బు ఆరిపోతే తేడా రెక్టిఫయర్‌లోనో దాని తర్వాతో ఉంది. ఇంకా వెలుగుతుంటే ట్రాన్స్‌ఫార్మరో హీటర్ తీగలో చూడాలి.

నాలుగైదు గంటలు వాయించాక మళ్లీ తెరిచి ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు, సాకెట్ స్క్రూలు బిగించండి, వోల్టేజీలు మరోసారి కొలవండి. సర్క్యూట్ డయాగ్రం, మీరు మార్చిన విలువలు, కొలిచిన వోల్టేజీలు, ఆ రోజు మెయిన్స్ ఎంతుందో, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల ట్యూబుల వేడి తగలని గోడకు అంటించండి. కొన్న ఆంప్ అయినా సరే, కట్టినవాళ్ల చేత ఆ కాగితం రాయించి తీసుకోండి.